పాత కారులో కొత్త ఇంజిన్: ఏ మౌంట్ వేయాలి?

పాత కారులోకి కొత్త తరం ఇంజిన్ దించాలనుకున్నవాళ్ల ఆలోచనంతా హార్స్‌పవర్ చుట్టూ, గేర్‌బాక్స్ చుట్టూ, వైరింగ్ చుట్టూ తిరుగుతుంది. ఇంజిన్‌ని కారు ఫ్రేముకి పట్టి ఉంచే మౌంట్ల దగ్గరికి వచ్చేసరికి ఓపికా డబ్బూ రెండూ అయిపోయి ఉంటాయి. "గట్టిగా ఉండేవి ఏవో ఒకటి వేసేద్దాం" అనేస్తారు. బండి రోడ్డెక్కాక వెనక చూపించే అద్దంలో ఏదీ సరిగ్గా ఆనదు, డాష్‌బోర్డు గలగలమంటుంది, కొన్నాళ్లకి ఎగ్జాస్ట్ జాయింటు పగులుతుంది. నింద మాత్రం ఇంజిన్ మీద పడుతుంది.

మౌంట్ చేయాల్సిన పనులు మూడు. ఇంజిన్ బరువు మోయాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ పక్కకి ఒరిగిపోకుండా పట్టుకోవాలి. ఇంజిన్ వణుకు బాడీదాకా రాకుండా మధ్యలోనే మింగేయాలి. మొదటి పని ఏ మౌంటయినా చేస్తుంది. చిక్కంతా మిగతా రెంటితోనే. పట్టు కావాలంటే గట్టిది కావాలి, వణుకు ఆగాలంటే మెత్తది కావాలి. రెండూ ఒకే ముక్కతో సాధించాలని చూసేవాళ్లు చివరికి అవసరానికి మించి గట్టి మౌంట్ కొని కూర్చుంటారు. నా లెక్క వేరు. ఇంజిన్ ఎక్కడ కూర్చోవాలో ముందు తేల్చుకోండి. తర్వాత, ఆ ఇంజిన్‌ని అదుపులో పెట్టగలిగిన వాటిల్లో అన్నిటికన్నా మెత్తని మౌంట్ తీసుకోండి. ఒరగడం ఇంకా ఎక్కువనిపిస్తే దానికి విడిగా ఒక కట్టు వేయండి.

చోటు తేలాకే మౌంట్

కేటలాగులో మౌంట్ నచ్చి, దానికి తగ్గట్టు ఇంజిన్ చోటు నిర్ణయించేవాళ్లు బోలెడుమంది. అది తలకిందుల వ్యవహారం. ఇంజిన్ ఎత్తు, ముందు వెనకలు, ఎడమ కుడులు, వాలు అన్నీ తేలాక మిగిలిన ఖాళీలో ఏ మౌంట్ పడుతుందో చూడాలి.

ఎత్తు విషయంలో పైన బానెట్, కింద ఆయిల్ సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) చెరోవైపు లాగుతుంటాయి. ఫ్రేముకి అడ్డంగా ఉండే దూలం, అంటే క్రాస్ మెంబర్ కన్నా సంప్ కిందికి వేలాడకూడదు. వేలాడితే రోడ్డు మీది మొదటి రాయి తగిలేది దానికే. కొత్త ఇంజిన్ల సంప్‌లు వాటి సొంత కార్లకి తగ్గట్టు ముందువైపో వెనకవైపో లోతుగా ఉంటాయి కాబట్టి, పాత కారు క్రాస్ మెంబర్‌తో గొడవ దాదాపు ప్రతి మార్పిడిలోనూ వస్తుంది. అక్కడ చాలామంది మౌంట్ కింద స్పేసర్ పెట్టి ఇంజిన్‌ని లేపేస్తారు. సంప్ మారిస్తే తీరిపోయే ఇబ్బందికి ఇంజిన్ ఎత్తడం మందు కాదు. బరువు పైకి పోతుంది, బానెట్ తగులుతుంది, వెనక చక్రాలకి శక్తిని మోసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం చెడుతుంది.

ఆ కోణం సంగతి కాస్త వివరంగా చూడాలి. ఇంజిన్ నిలువుగా, అంటే ముందు నుంచి వెనక్కి కూర్చునే కార్లలో క్రాంక్ షాఫ్ట్ గీత వెనక్కి సుమారు 3 డిగ్రీలు కిందికి వాలి ఉండడం మామూలు. వెనక డిఫరెన్షియల్ పినియన్ గీత దానికి సమాంతరంగా ఉండాలి. అప్పుడే షాఫ్ట్ రెండు చివర్లా ఉన్న యూనివర్సల్ జాయింట్లు ఒకదాని ఎగుడుదిగుడును ఇంకొకటి రద్దు చేసుకుంటాయి. ఒక్కో జాయింటు పనిచేసే కోణం 3 డిగ్రీల లోపు ఉంటే మేలు. అలాగని పూర్తిగా సున్నా అయినా మంచిది కాదు, లోపలి సూది బేరింగులు కదలక ఒకేచోట గుంటలు పడతాయి. కార్బ్యురేటర్ ఉన్న రోజుల్లో ఇన్‌టేక్ మానిఫోల్డ్ పైభాగం సమతలంగా ఉండాలని కూడా ఈ వాలును చూసేవారు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్‌కి ఆ పట్టింపు తక్కువ, షాఫ్ట్ పట్టింపు మాత్రం అలాగే ఉంది.

పక్కకి జరపడంలో భయపడాల్సింది లేదు. స్టీరింగ్ షాఫ్ట్‌కి దారి ఇవ్వడం కోసం ఫ్యాక్టరీలే చాలా కార్లలో ఇంజిన్‌ని 20–25 మి.మీ. అవతలికి జరిపి బిగించాయి. క్రాంక్ గీత కారు మధ్య గీతకి సమాంతరంగా ఉంటే చాలు.

ఇక వెనక్కి జరపడం అనే మోజు ఒకటుంది. బరువు పంపకం బాగుపడుతుందని ఫైర్‌వాల్‌ని (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడని) కోసేవాళ్లున్నారు. లెక్క వేసి చూడండి. 200 కిలోల ఇంజిన్‌ని, 2.4 మీటర్ల వీల్‌బేస్ ఉన్న కారులో 25 మి.మీ. వెనక్కి తోస్తే ముందు చక్రాల మీద తగ్గే బరువు రెండు కిలోలకి కాస్త ఎక్కువ. బ్యాటరీని తీసుకెళ్లి డిక్కీలో పెడితే అంతకన్నా ఎన్నో రెట్లు లాభం. ఇంజిన్‌ని వెనక్కి జరిపి బిగించే (సెట్‌బ్యాక్ ఉన్న) అడాప్టర్ ప్లేటు కొనాల్సింది రేడియేటర్ ఫ్యాన్‌కి చోటు చాలనప్పుడో, గేర్ రాడ్ పాత రంధ్రంలోంచి సరిగ్గా పైకి రావాలన్నప్పుడో.

కొన్ని చోట్ల మౌంట్ ఎంత మంచిదైనా ప్రయోజనం ఉండదు. 2011 మస్టాంగ్‌తో వచ్చిన ఫోర్డ్ కయోటీ 5.0 వీ8 ఇంజిన్‌లో ఒక్కో హెడ్డు మీద రెండేసి క్యామ్ షాఫ్ట్‌లు ఉంటాయి కాబట్టి పైభాగం బాగా వెడల్పు. 1960ల మస్టాంగ్ ఇంజిన్ బేలో రెండువైపులా సస్పెన్షన్ పైచివరలు బిగించే షాక్ టవర్లు లోపలికి తోసుకొచ్చి ఉంటాయి. ఆ టవర్లు తీసేసి ముందు సస్పెన్షన్‌నే మార్చేయడం అక్కడ అలవాటైన దారి. అలాంటి పనిలో కొత్త క్రాస్ మెంబర్‌తోపాటే మౌంట్ చోట్లు వస్తాయి, విడిగా ఎంచుకోవలసింది బుష్ (మౌంట్ లోపలి మెత్తని భాగం) గట్టిదనం మాత్రమే.

ముందు సిలిండర్లు లెక్కపెట్టండి

మౌంట్ ఎంత మెత్తగా ఉండాలో హార్స్‌పవర్‌ని బట్టి నిర్ణయిస్తారు. అంతకన్నా ముందు అడగాల్సింది ఇంజిన్‌కి ఎన్ని సిలిండర్లు, ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఊరికే నడుస్తున్నప్పుడు, ఎంత వేగంతో తిరుగుతుంది అన్నది.

ఫోర్ స్ట్రోక్ నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక చుట్టులో రెండుసార్లు పేలుతుంది. 800 ఆర్‌పీఎం ఐడిల్ అంటే సెకనుకి దాదాపు 27 కుదుపులు, అంటే 27 హెర్ట్జ్. అదే వీ8 ఒక చుట్టులో నాలుగుసార్లు పేలుతుంది. 650 ఆర్‌పీఎం దగ్గర 43 హెర్ట్జ్. మౌంట్ మీద కూర్చున్న ఇంజిన్‌కి తనదైన ఊగే వేగం ఒకటుంటుంది. వణుకు వేగం ఈ సొంత ఊపు వేగానికి 1.41 రెట్లు దాటిన తర్వాతే మౌంట్ వణుకును తగ్గించడం మొదలుపెడుతుంది. అంతకు లోపల అయితే తగ్గించకపోగా పెంచి చూపిస్తుంది. అంటే నాలుగు సిలిండర్లకి ఆ ఊపు 19 హెర్ట్జ్ లోపు ఉండి తీరాలి, 10–13 మధ్య ఉంటే సుఖం. వీ8కి 30 దాకా గడువుంది. ఊపు వేగం గట్టిదనం వర్గమూలంతో పెరుగుతుంది కాబట్టి, అంతే బరువున్న వీ8కి రెండున్నర రెట్లు గట్టి మౌంట్ వేసినా, క్యాబిన్‌లో నాలుగు సిలిండర్ల ఇంజిన్ కన్నా ఎక్కువ వణుకు తెలియదు.

పాలీయూరిథేన్ మౌంట్ల మీద ఒకరు "ఏమీ తేడా లేదు" అంటే, ఇంకొకరు "పళ్లు కదిలిపోతున్నాయి" అనడానికి కారణం ఇదే. మొదటివాడిది వీ8, రెండోవాడిది నాలుగు సిలిండర్లు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. పైగా ఇన్‌లైన్ నాలుగు సిలిండర్లకి క్రాంక్ వేగానికి రెట్టింపు వేగంతో పైకీ కిందికీ ఊపే సొంత అసమతుల్యం ఒకటుంది. అది పేలుళ్ల కుదుపుతో సరిగ్గా కలుస్తుంది. ఇన్‌లైన్ ఆరు సిలిండర్లు పుట్టుకతోనే సమతుల్యం, మౌంట్ విషయంలో ఎక్కువ క్షమించే ఇంజిన్ అది. మూడు సిలిండర్లది ముందూ వెనకా ఊగే గుణం.

బరువు కూడా లెక్కలోకి వస్తుంది. పాత కారు మౌంట్ బరువైన కాస్ట్ ఐరన్ ఇంజిన్‌ని ఉద్దేశించి చేసింది. దాని మీద తేలికైన అల్యూమినియం ఇంజిన్ కూర్చోబెడితే రబ్బరు అణగాల్సినంత అణగదు. ఇంజిన్ అనుకున్నదానికన్నా కొన్ని మి.మీ. ఎత్తులో నిలబడుతుంది, వణుకూ ఎక్కువే దాటుతుంది. "కంపెనీ మౌంటే కదా" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

రబ్బరు

ఉక్కు ప్లేట్ల మధ్య అతికించిన సహజ రబ్బరు మౌంట్‌కి పాతకాలపుదన్న చిన్నచూపు ఉంది. వణుకును ఆపడంలో ధరకి తగ్గ పోటీ దానికి ఇప్పటికీ లేదు. దాని శత్రువులు ఆయిలూ, వేడీ, వయసూ. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ నుంచి చుక్క చుక్క కారే ఆయిల్ సహజ రబ్బరుని ఉబ్బించి మెత్తబెడుతుంది. హెడర్ (ఎగ్జాస్ట్) పైపులు దగ్గరగా పోతే రబ్బరు పెళుసుబారి పగుళ్లిస్తుంది. అటక మీద ఏళ్లుగా పడి ఉన్న "అసలు సిసలు పాత స్టాకు" కూడా అంతే. పెట్టె కొత్తదైనా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. గోరుతో నొక్కి చూడండి, అంచులు వంచి చూడండి. సన్నని గీతల్లాంటి పగుళ్లు కనిపిస్తే వదిలేయండి.

రబ్బరులో అసలు చూడాల్సింది ఒకటుంది. రబ్బరు తెగిపోయినా ఇంజిన్ ఎగిరిపోకుండా ఉక్కు ముక్కలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉండే రకమా, లేక రెండు ప్లేట్ల మధ్య వట్టి అతుకేనా? ఈ తేడా ఎంత పెద్దదో 1971 డిసెంబరులో జనరల్ మోటార్స్‌కి తెలిసొచ్చింది. 1960ల నాటి షెవర్లే బళ్లలో రబ్బరు ఊడిన వైపు ఇంజిన్ పైకి లేచి, యాక్సిలరేటర్ లింకేజీని లాగేసి, బండి దానంతటదే వేగం అందుకునే ప్రమాదం ఏర్పడింది. దాదాపు 67 లక్షల బళ్లను వెనక్కి పిలిచి, ఇంజిన్ లేవకుండా ఉక్కు తీగ కట్టి పంపించారు. మీ కొత్త ఇంజిన్‌కి ఎలక్ట్రానిక్ త్రాటిల్ ఉంటే ఆ ప్రత్యేకమైన ముప్పు ఉండదు. ఇంజిన్ లేచి ఫ్యాన్ రేడియేటర్‌ని కొరకడం, బానెట్‌ని గుద్దడం మాత్రం ఇప్పుడూ జరుగుతాయి. చిక్కుకునే రకం దొరుకుతుంటే ఇంకోటి కొనకండి.

పాలీయూరిథేన్

మార్పిడి కిట్లలో ఎక్కువగా వచ్చేది ఇదే. ఆయిల్‌ని రబ్బరు కన్నా బాగా తట్టుకుంటుంది, ఒరగడాన్ని బాగా ఆపుతుంది, చూడ్డానికి ఎర్రగా నల్లగా ముచ్చటగా ఉంటుంది. ఆ ముచ్చటకే చాలావరకు అమ్ముడుపోతుందని నా అనుమానం. దీని గట్టిదనాన్ని షోర్ ఏ కొలతలో చెప్తారు. 60 ప్రాంతంలో ఉంటే రోడ్డు మీద తిరిగే బండికి భరించదగ్గది. 75 అంటే కాస్త రాటుదేలినవాళ్లకి. 90 దాటితే రేసు ట్రాకు సరుకు. కొనేముందు ఈ అంకె అడగండి. చెప్పలేని అమ్మకందారు దగ్గర "స్ట్రీట్", "స్పోర్ట్" అన్న పేర్లకి విలువ లేదు.

అంకె ఒక్కటే కూడా సరిపోదు. ఒకే గట్టిదనం ఉన్న రెండు మౌంట్లలో బుష్ మందంగా ఉన్నది మెత్తగా, పలచగా ఉన్నది గట్టిగా పనిచేస్తుంది. ఉక్కు గొట్టంలో పలచని పాలీ బుష్ దూర్చి మధ్యలోంచి బోల్టు పోయే రకం దాదాపు గట్టి మౌంట్‌తో సమానం. పెద్ద దిమ్మలా పోతపోసినది 75 ఉన్నా దానికన్నా సౌమ్యంగా ఉండొచ్చు. గొట్టం రకంలో ఇంకో చిన్న చిరాకు, గ్రీజు పెట్టకపోతే కిర్రుమంటుంది.

నాలుగు సిలిండర్లకి గట్టి పాలీ వేసిన కారులో ఐడిల్‌లో కూర్చుంటే ఎలా ఉంటుందో చెప్తాను. ముందు స్టీరింగ్ చక్రం అంచు తిమ్మిరి ఎక్కినట్టు ఉంటుంది. పక్క అద్దంలో వెనక బండి హెడ్‌లైట్లు రెండుకి నాలుగు కనిపిస్తాయి. గ్లవ్ బాక్స్ మూత బుర్రుమంటుంది, చెయ్యి పెట్టి నొక్కితే ఆగుతుంది, తీస్తే మళ్లీ మొదలు. ఐడిల్‌ని 1000కి పెంచితే కాస్త ఊరట. 950 దగ్గర మాత్రం తలుపు పలకలు అందుకుంటాయి. కొత్త బుష్ కొన్నాళ్లు వాడితే కొంచెం సర్దుకుంటుంది. ఆ కొంచెం మీద ఆశ పెట్టుకుని కొనకూడదు.

గట్టి మౌంట్లు

అల్యూమినియం దిమ్మ, ఉక్కు గొట్టం. మధ్యలో రబ్బరు లేదు. డ్రాగ్ రేసులో, ట్రాకు బండిలో వీటికి చోటుంది. రోడ్డు బండికి నా ఓటు పడదు. వణుకు ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. పాత కారు ఛాసిస్ ఎగుడు రోడ్డు మీద మెలితిరుగుతుంది, ఆ మెలి నేరుగా ఇంజిన్ బ్లాక్ చెవుల మీద పడుతుంది. అల్యూమినియం బ్లాక్‌కి అది మంచిది కాదు. కొన్ని ఇంజిన్లలో నాక్ సెన్సర్ బాడీలోని చప్పుళ్లను కూడా ఇంజిన్ లోపలి అసహజమైన పేలుడు (నాక్) చప్పుడుగా పొరబడి ఇగ్నిషన్ టైమింగ్‌ని వెనక్కి లాగేస్తుంది. పికప్ కోసం వేసిన మౌంట్ పికప్‌నే తినేస్తుంది.

హైడ్రాలిక్, ఎలక్ట్రానిక్

ఇంజిన్ తీసిన కారులోనే మంచి మౌంట్లు ఉంటాయి కదా, అవే ఎందుకు వాడకూడదు? వాడొచ్చు, అందరూ వదిలేసే మంచి దారి ఇది. కొత్త కార్ల హైడ్రాలిక్ మౌంట్‌లో రెండు గదుల మధ్య ద్రవం సన్నని దారిగుండా పోతూ వస్తూ ఉంటుంది. ఐడిల్ లాంటి చిన్న వణుకుకి మెత్తగా ఉంటుంది, గుంటలో పడి ఇంజిన్ పెద్దగా ఎగిరినప్పుడు బిగపడుతుంది. మెత్తదనమూ పట్టూ ఒకే ముక్కలో కావాలన్న కోరికకి దగ్గరగా వచ్చేది ఇదొక్కటే. అది కుదరాలంటే కొన్ని షరతులున్నాయి. ఫ్యాక్టరీలో ఏ కోణంలో నిలబెట్టారో ఆ కోణంలోనే నిలబెట్టాలి. సుమారుగా అదే బరువు దాని మీద పడాలి. సాధారణ మౌంట్ కన్నా ఎత్తు ఎక్కువ కాబట్టి పాత కారు ఇంజిన్ బేలో చోటుండాలి. పాతదైతే పక్కల నల్లటి తడి మరక ఉందేమో చూడాలి. ఉంటే ద్రవం కారిపోయినట్టే.

వాక్యూమ్‌తోనో, కరెంటుతోనో గట్టిదనం మార్చుకునే మౌంట్ల జోలికి పోకండి. ఆ సిగ్నల్ ఇవ్వడానికి మీ ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) సిద్ధంగా లేకపోతే అది ఒకే స్థితిలో ఉండిపోతుంది, అది మీకు కావలసిన స్థితే అన్న భరోసా లేదు.

ఒరిగే బలం ఎంత?

"నాది పెద్ద పవర్, మెత్తని మౌంట్ ఆగదు" అనేవాళ్ల కోసం ఈ లెక్క. ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే ముద్దగా బిగించి ఉన్నప్పుడు మౌంట్ల మీద పడే మెలి ఇంజిన్ టార్క్ అంత కాదు, గేరు దాన్ని పెంచాక వచ్చినంత. 450 న్యూటన్ మీటర్ల ఇంజిన్‌కి మొదటి గేరు 3 రెట్లయితే 1350 న్యూటన్ మీటర్లు. రెండు మౌంట్ల మధ్య అర మీటరు దూరముంటే ఒక్కో మౌంట్ మీద 2700 న్యూటన్లు, సుమారు 275 కిలోల బలం. ఒకవైపు కిందికి, రెండోవైపు పైకి. ఇంజిన్ బరువులో ఒక్కో ముందు మౌంట్ మోసేది 90–100 కిలోలే కాబట్టి, పైకి లేచే వైపు మౌంట్ దాదాపు 180 కిలోల లాగుడులో పడుతుంది. అతుకు రకం రబ్బరు చిరిగేది ఇక్కడే. మామూలు దిశలో తిరిగే నిలువు ఇంజిన్ అయితే, డ్రైవర్ సీటులోంచి ముందుకి చూసినప్పుడు లేచేది ఎడమవైపు. ఆ ఎడమవైపు మౌంట్‌నే ఎక్కువగా అనుమానించండి.

మౌంట్లు ఎంత దూరం దూరంగా ఉంటే బలం అంత తగ్గుతుంది. అర మీటరుని 60 సెం.మీ. చేస్తే బలం ఆరో వంతు తగ్గినట్టే. సొంతంగా బ్రాకెట్ చేయించుకునేవాళ్లకి ఇది ఉచితంగా దొరికే లాభం, బుష్ గట్టిది వేసే ముందు దీన్ని వాడుకోవాలి.

అప్పటికీ సరిపోకపోతే మెత్తని మౌంట్లు అలాగే ఉంచి, లేచే వైపు ఇంజిన్ హెడ్డు నుంచి ఫ్రేముకి ఒక కట్టు వేయండి. గొలుసు కావచ్చు, రెండు చివర్లా రబ్బరు బుష్‌లున్న కడ్డీ కావచ్చు, చిన్న డ్యాంపర్ కావచ్చు. గొలుసుకి ఐడిల్‌లో కొద్దిగా వదులుంటే వణుకు దాటదు; గట్టిగా తొక్కినప్పుడు మాత్రం బిగుసుకుంటుంది. గట్టి మౌంట్ రోజంతా చేసే పనిని ఇది అవసరమైన రెండు క్షణాలే చేస్తుంది. నా ఉద్దేశంలో వీధి బండికి ఇంతకన్నా తెలివైన ఖర్చు లేదు.

అడ్డంగా కూర్చునే ఇంజిన్ల సంగతి ఇంకా తీవ్రం. అక్కడ డిఫరెన్షియల్ కూడా ఆ ముద్దలోనే ఉంటుంది. 200 న్యూటన్ మీటర్ల చిన్న ఇంజిన్‌కి మొదటి గేరు 3.3, ఫైనల్ డ్రైవ్ 4.1 అయితే మౌంట్లు 2700 న్యూటన్ మీటర్లను ఆపాలి, పైన చెప్పిన పెద్ద ఇంజిన్‌కి రెట్టింపు. అందుకే అలాంటి కార్లలో బరువు మోసే మౌంట్లు వేరు, మెలిని ఆపే కడ్డీ వేరు. 1959లో వచ్చిన తొలితరం మినీలో బరువు సబ్‌ఫ్రేమ్ మీద, మెలిని ఆపే బాధ్యత పైనున్న స్టెడీ బార్ మీద. దాని బుష్‌లు అరిగితే క్లచ్ వదలగానే ఇంజిన్ ధడేల్మని ముందుకీ వెనక్కీ కొట్టుకునేది. అలాంటి కారులో హోండా కె సిరీస్ లాంటిది వేయడానికి సబ్‌ఫ్రేమ్‌నే మార్చే కిట్లు వచ్చింది ఇందుకే. మీ కొత్త ఇంజిన్ పాతదాని దిశలోనే తిరుగుతుందో లేదో కూడా చూసుకోండి. హోండా బి సిరీస్ లాంటివి మిగతావాటికి ఎదురు దిశలో తిరుగుతాయి, కట్టు వేయాల్సిన వైపు మారిపోతుంది.

అడాప్టరా, కిట్టా, సొంత వెల్డింగా?

బ్లాక్ మీది బోల్టుల అమరిక పాతదానితో కలవడం అరుదు. షెవర్లే స్మాల్ బ్లాక్‌కి ఒక్కో వైపు మూడు బోల్టులు; 1997లో కార్వెట్‌తో వచ్చిన ఎల్‌ఎస్ ఇంజిన్‌కి నాలుగు. రెంటినీ కలపడానికి ఒక మందపాటి ప్లేటు చాలు, పాత కారులోని పాత రకం రబ్బరు మౌంట్ అలాగే వాడుకోవచ్చు. ఇలాంటి జతలకి అడాప్టర్ ప్లేటే చవక, సుఖం కూడా. ఒక సంగతి మరవద్దు. 1955లో వచ్చిన మొదటి స్మాల్ బ్లాక్ ఇంజిన్‌ని బ్లాక్ ముందు భాగంలోనూ, బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే గంట ఆకారపు కవరు) పక్కలా పట్టేవారు. బ్లాక్ పక్క మౌంట్లు 1958 నుంచి వచ్చాయి. అంతకు ముందరి కారయితే ఫ్రేమ్ మీద పక్క మౌంట్ కూర్చునే చోటే ఉండదు.

మీ కారుకీ మీ ఇంజిన్‌కీ కలిపి చేసిన రెడీమేడ్ కిట్ ఉంటే దానికి మొగ్గు చూపండి. మౌంట్, గేర్‌బాక్స్ క్రాస్ మెంబర్, సంప్, హెడర్లు నాలుగూ ఒకే చోట తయారైనవై ఉండాలి. మౌంట్ ఒకరిది, హెడర్ ఇంకొకరిది అయితే ఒకరు లెక్కించిన చోటు ఇంకొకరికి తెలియదు, స్టీరింగ్ షాఫ్ట్ దగ్గర ఇరుక్కుంటారు. ఎయిర్ కండిషనింగ్ కావాలంటే ముందే అడగండి. ఎల్‌ఎస్ ఇంజిన్లలో కిందివైపు ఉండే కంప్రెసర్ ఫ్రేముకి తగలడం అందరికీ తెలిసిన తలనొప్పి.

కిట్ లేని కారుకి వెల్డింగే గతి. బ్రాకెట్‌కి 5–6 మి.మీ. ఉక్కు ప్లేటు వాడతారు, అది పెద్ద సమస్య కాదు. సమస్య దాన్ని అతికించే చోటిది. పాత కారు రేకు 2 మి.మీ. మందమో, అంతకన్నా తక్కువో, లోపల తుప్పో. దాని మీదికి నేరుగా బ్రాకెట్ అతికిస్తే బ్రాకెట్ ఊడదు, చుట్టూ రేకు చిరుగుతుంది. ముందు వెడల్పాటి ప్లేటు ఒకటి, మూలలు గుండ్రంగా కోసి, ఫ్రేమ్ మీద పరిచి వెల్డ్ చేసి, దాని మీద బ్రాకెట్ పెట్టాలి. మధ్య బోల్టుకి రెండువైపులా చెవులుండే బ్రాకెట్ చేయించండి. ఒకవైపు చెవి మీద వేలాడే బోల్టు త్వరగా వంగుతుంది.

గేర్‌బాక్స్ వెనక మౌంట్ గురించి ఎవరూ అడగరు. ముందు రెండూ మెత్తగా ఉండి వెనకది గట్టిగా ఉంటే, ఇంజిన్ ఒరిగిన ప్రతిసారీ మెలి గేర్‌బాక్స్ తోక మీద పడి కేసింగ్ పగులుతుంది. ముందు ఎంత మెత్తగా ఉంటే వెనక కనీసం అంత మెత్తగా ఉండాలి. ముందు పాలీ వేసి వెనక రబ్బరు ఉంచడం మంచి జోడీయే.

ఎవరికి ఏది?

వారాంతాల్లో తిప్పే, కుటుంబంతో దూరం వెళ్లే వీ8 కారుకి చిక్కుకునే రకం రబ్బరు, దానికి అడాప్టర్ ప్లేటు. పవర్ బాగా ఎక్కువుంటే అదే రబ్బరుకి తోడు కట్టు, లేదా 60–70 గట్టిదనం ఉన్న దిమ్మ రకం పాలీ. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి చోటు దొరికితే దాని సొంత హైడ్రాలిక్ మౌంట్లు, దొరక్కపోతే మెత్తని రబ్బరూ కడ్డీ. పాలీ మాట ఎత్తకండి. ఇన్‌లైన్ ఆరు అయితే రెండూ నడుస్తాయి, నేను మాత్రం రబ్బరే వేస్తాను. ట్రాకు మీదే తిరిగే బండికి గట్టి పాలీ, వెనక గేర్‌బాక్స్ దగ్గర కాస్త మెత్తదనం.

బిగించేటప్పుడు

కొలతలు తీసుకునేటప్పుడు కారు చక్రాల మీద నిలబడి ఉండాలి, ఇంజిన్‌కి హెడర్లు, ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటార్ అన్నీ తగిలించి ఉండాలి. మౌంట్ స్థానంలో అదే ఎత్తున్న ఉక్కు దిమ్మ పెట్టి బ్రాకెట్‌ని చుక్కలుగా వెల్డ్ చేయండి. అసలు మౌంట్ అక్కడుండగా పూర్తి వెల్డింగ్ చేస్తే ఆ వేడికి రబ్బరు అతుకు లోపల్లోపలే ఊడుతుంది, పైకి ఏమీ కనిపించదు. రబ్బరు బరువుకి మరికొన్ని మి.మీ. దిగుతుందన్న లెక్కతో సంప్ కింద, ఫ్యాన్ ముందు, ఫైర్‌వాల్ దగ్గర 20–25 మి.మీ. వదలండి. అనుమానమున్న చోట చిన్నపిల్లలు ఆడుకునే మెత్తని మైనపు ముద్ద అంటించి, ఇంజిన్‌ని పలుగుతో రెండువైపులా ఒరిగించి చూడండి. అణిగాక ముద్ద ఎంత మందం మిగిలిందో అదే మీకు మిగిలిన దారి.

రబ్బరు, పాలీ రెండూ కరెంటుని ఆపేస్తాయి. బ్లాక్ నుంచి ఫ్రేముకి మందపాటి ఎర్త్ వైరు వేయకపోతే సెల్ఫ్ మోటారు లాగే కరెంటు గేర్ కేబుల్ గుండానో, యాక్సిలరేటర్ కేబుల్ గుండానో దారి వెతుక్కుంటుంది. కొత్త ఇంజిన్ ఈసీయూకి ఎర్త్ సరిగ్గా లేకపోతే కనిపెట్టడానికి వారాలు పట్టే వింత జబ్బులు పుడతాయి. పెట్రోలు పైపులో ఒక మెత్తని ముక్క, ఎగ్జాస్ట్‌లో ఒక ఫ్లెక్సిబుల్ జాయింటు తప్పనిసరి. హెడర్‌కి దగ్గరగా ఉన్న మౌంట్‌కి రేకుతో వేడి కవచం కట్టండి.

మౌంట్ల మధ్య బోల్టులు ఇంజిన్ పూర్తి బరువు దిగాకే చివరిసారి బిగించండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ పానా వేసి చూసి, వెల్డింగ్ చుట్టూ ఉన్న పెయింటులో వెంట్రుకలాంటి గీత ఎక్కడైనా వచ్చిందేమో టార్చిలైటు వేసి వెతకండి. మొదట పగిలేది పెయింటే.